గాలికి దారి చూపిన వాస్తుశిల్పి – హసన్ ఫత్హీ

వేసవి ప్రవేశించగానే మన తరగతి గదులలో చదువు సగమై, విసనకర్రల పని రెట్టింపవుతుంది. పైన కాంక్రీటు కప్పు, పక్కన పలుచని గోడ, ఎదుట పడమటి ఎండను లోనికి రప్పించే అద్దపు కిటికీ – ఈ మూడింటి నడుమ కూర్చున్న విద్యార్థికి పాఠము కన్న దాహమే ముందుగా గుర్తుకు వస్తుంది. విద్యుత్తు ఉన్నంతసేపు పంకా తిరుగుతుంది. అది తిప్పేది కూడా వేడి గాలినే. ఇటువంటి ఒక మధ్యాహ్నమే మాకు ఈజిప్టు దేశపు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ జీవితాన్ని మా సహ విద్యార్థులకు పరిచయం చేయాలన్న తలంపు కలిగింది. కవుల, పండితుల, దేశనాయకుల చరిత్రలు ఈ సంచికలలో తరచుగా వచ్చేవే. పేదవాని ఇంటిలోనికి చల్లని గాలిని ఎట్లు తీసుకొని రావలెనన్న ఒక్క ప్రశ్నతో జీవితమంతా గడిపిన మనిషి చరిత్ర కూడా వాటి సరసన నిలువదగినదేనని మా విశ్వాసం.

హసన్ ఫత్హీ 1900వ సంవత్సరం మార్చి 23వ తేదీన అలెగ్జాండ్రియా నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించారు. ఆ కుటుంబానికి పల్లెలలో భూములుండేవి. అయినా తండ్రిగారికి పల్లె అంటే గిట్టదు. ఈగలు, దోమలు, మురికి నీరు ఉన్న చోటికి పిల్లలను పంపరాదని ఆయన నియమం. తల్లిగారి మనస్సు మాత్రం వేరు. బాల్యంలో తాను చూసిన పొలాలను, గొర్రెపిల్లలను, పచ్చదనాన్ని ఆమె కథలుగా చెప్పేవారు. ఒకే ఇంట తండ్రి భయమూ, తల్లి మమకారమూ వింటూ పెరిగిన ఆ బాలునికి పల్లె ఒక తీరని కోరికగా మిగిలిపోయింది. వ్యవసాయ కళాశాలలో చేరాలని కోరుకున్నారు గాని, ప్రవేశ పరీక్షలో నెగ్గలేకపోయారు. పొలం ముఖం ఎరుగని పట్టణపు పిల్లవాడు సేద్యపు ప్రశ్నలకు సమాధానమెట్లు వ్రాయగలడు? అందుచేత వాస్తుశాస్త్రంలో చేరి, నేటి కైరో విశ్వవిద్యాలయం నుండి 1926లో పట్టభద్రులయ్యారు. 1930 నుండి కైరో లలితకళల కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

యౌవనంలో మొదటిసారి కుటుంబపు భూములను చూడబోయినప్పుడు ఆయన గుండె చెదరింది. తల్లి చెప్పిన స్వర్గం అక్కడ లేదు. రైతుకూలీలు చీకటి గూళ్ళవంటి గుడిసెలలో పశువులతో కలిసి బ్రతుకుతున్నారు. ఆ దృశ్యం ఆయనకు జీవితాంతం మానని గాయమైంది. ఈ గుడిసెలను పడగొట్టి మంచి ఇళ్ళు కట్టాలంటే సిమెంటు, ఇనుము, కలప కావాలి; అవి కొనే శక్తి రైతుకు లేదు. రైతు పాదాల కింద ఊరికే దొరికేది మట్టి ఒక్కటే. మట్టితో గోడ కట్టడం రైతుకు తెలుసు. కప్పు వేయడం దగ్గరనే చిక్కు. ఈజిప్టులో కలప దుర్లభం. దూలాలన్నీ పరదేశాల నుండి రావలసినవే.

రెండవ ప్రపంచ యుద్ధం ఆ చిక్కును మరింత బిగించింది. ఇనుము లేదు, కలప లేదు. బహ్‌తీమ్ అనే చోట వ్యవసాయ సంఘం వారి క్షేత్రంలో ఇళ్ళు కట్టడానికి పూనుకొన్న ఫత్హీ, పచ్చి ఇటుకలతోనే కమాను కప్పులు వేయ ప్రయత్నించారు. అవి కూలిపోయాయి. ఆ సమయంలో అస్వాన్ ఆనకట్ట పనులలో ఉన్న అన్నగారు, నూబియా ప్రాంతపు పల్లెలలో మేస్త్రీలు సెంట్రింగు లేకుండానే మట్టి కప్పులు వేస్తున్నారని తెలియజేశారు. 1941లో ఫత్హీ విద్యార్థులను వెంటబెట్టుకొని అస్వాన్ వెళ్ళారు. నైలు నదికి పడమట ఉన్న గర్బ్ అస్వాన్ అనే పల్లెలో ఆయన వెదకుతున్నదంతా కళ్ళెదుట కనిపించింది. ఎత్తైన, శుభ్రమైన, అందమైన మట్టి ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఇటుకల కమాను కప్పు. మేస్త్రీ పనితనం సులభంగా కనిపించినా అందులో లోతైన లెక్క ఉంది. మొదట ఒక చివర గోడ కడతారు. తరువాత ఇటుకల వరుసలను ఆ గోడకు ఆనించి కొంచెం వాలుగా పేరుస్తారు. ప్రతి వరుస వెనుకటి వరుస మీద ఒరిగి నిలుస్తుంది గనుక కింద కొయ్య ఆధారం అక్కరలేదు. ఇటుక పొడవు 25, వెడల్పు 15, మందం 5 సెంటీమీటర్లు. తేలికగా ఉండటానికి మట్టిలో గడ్డి ఎక్కువగా కలుపుతారు; ఇటుక పట్టు దొరకడానికి దాని మీద వ్రేళ్ళతో గాట్లు గీస్తారు. లక్సర్ వద్ద రామెసియం అనే ఆలయపు ధాన్యాగారాలలో ఇదే పద్ధతిలో కట్టిన కప్పులు మూడువేల సంవత్సరాలకు పైబడి నిలిచి ఉన్నాయి. విశ్వవిద్యాలయం నేర్పని విద్యను చదువురాని మేస్త్రీలు తరతరాలుగా కాపాడుకొంటూ వచ్చారన్న సత్యం ఆయనను వినయవంతుని చేసింది. ఆ మేస్త్రీలనే పిలిపించి, వారిని తన గురువులుగా భావించి పని సాగించారు.

1945లో ఆయన జీవితంలోని గొప్ప పరీక్ష ఎదురైంది. లక్సర్‌కు ఎదుట, నైలు పడమటి ఒడ్డున, ప్రాచీన ప్రభువుల సమాధుల పైననే గుర్నా అనే పల్లె ఉండేది. సుమారు ఏడు వేల మంది జనం. సమాధులలోని వస్తువులను తవ్వి అమ్ముకోవడం కొందరికి జీవనాధారమైంది. ఒక సమాధిలోని శిల్పం మొత్తంగా చోరీ కాగానే పురావస్తు శాఖ మేలుకొని, ఊరినంతటినీ పొలాల నడుమకు తరలించ నిశ్చయించింది. సుమారు 50 ఎకరాల స్థలంలో కొత్త గుర్నాను నిర్మించే భారం ఫత్హీ మీద పెట్టింది. ఆయన ఒకే నమూనా ఇంటిని వందలసార్లు అచ్చుపోయలేదు. ఏ కుటుంబానికి ఎందరు పిల్లలు, ఎన్ని పశువులు, బంధువుల ఇళ్ళు ఎటువైపు అన్నది విచారించి ఇంటింటికీ వేరు ప్రణాళిక గీయదలచారు. మసీదు, బజారు, నాటకశాల, పాఠశాలలు, చేతిపనుల వారికి ఒక ఖాన్ – ఇవన్నీ పచ్చి ఇటుకలతోనే లేచాయి.

ఆ పాఠశాలలోనే మా వ్యాసానికి ప్రాణమైన విషయం ఉన్నది. కైరో నగరంలోని పాత భవనాలను ఫత్హీ చిన్ననాటి నుండి చూసినవారే. వాటి కప్పు మీద ఉత్తర దిక్కుకు ముఖం పెట్టి నిలిచే ఒక గూడు ఉంటుంది. దానిని అరబ్బీలో మల్‌ఖఫ్ అంటారు. పారసీలో బాద్‌గీర్, అనగా గాలిని పట్టేది. ఉర్దూ చదివిన మిత్రులకు ఈ మాట అర్థం చెప్పనక్కరలేదు. మన హైదరాబాదుకు పేరు తోడైన సింధు ప్రాంతపు హైదరాబాదు నగరంలో కూడా ఒకప్పుడు ప్రతి కప్పు మీద ఇటువంటి గూళ్ళు బారులు తీరి ఉండేవి. ఇరుకు వీధులలో కింది కిటికీకి గాలి అందదు. అందినా దుమ్ముతో కూడి ఉంటుంది. కప్పుకు పైన గాలి వేగం ఎక్కువ, దుమ్ము తక్కువ. ఆ గాలిని పట్టి కిందికి దింపితే, గది నడుమ నున్న ఎత్తైన గోపురం గుండా వేడి గాలి పైకి పోతుంది. 1350 ప్రాంతంలో కట్టిన కైరోలోని ముహిబ్బుద్దీన్ గారి సభాశాలలో ఈ ఏర్పాటును నేటికీ చూడవచ్చు. 1973లో పండితులు అక్కడ ఉష్ణమానాలను, గాలి వేగాన్ని కొలిచి, ఆ సభాశాల ఇప్పటికీ తన పని చేస్తున్నదని నిర్ధారించారు.

గాలిని పట్టడంతో పని సగమే. దానిని చల్లబరచడానికి పూర్వులు నీటిని ఆశ్రయించారు. ఈ సూత్రం మనకు కొత్తది కాదు. మట్టికుండలోని నీరు చల్లబడేది ఇందువల్లనే. నీరు ఆవిరి కావాలంటే దానికి వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న గాలి నుండి, కుండ నుండి గుంజుకొంటుంది. దీనినే గుప్తోష్ణమని భౌతికశాస్త్రంలో చదువుకొంటాము. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్ళ వేడి పడుతుంది. ఇది విద్యుత్తు లెక్కలో ఒక యూనిట్‌లో మూడింట రెండు వంతులకు సమానం. ఈ పని చేసినందుకు నీరు మనకు బిల్లు పంపదు. కైరో ఇళ్ళలో కొయ్య జాలీ కిటికీలలో నీటి కూజాలను ఉంచేవారు. ఆ కిటికీకి మష్‌రబియ్య అన్న పేరు త్రాగుట అన్న అర్థమున్న ధాతువు నుండే వచ్చింది. మన షర్బతు కూడా ఆ ధాతువుకే బిడ్డ. సభాశాలలలో అలల చెక్కడమున్న చలువరాతి పలక మీద పలుచగా నీరు జారేటట్లు ఏర్పరచేవారు. దానికి సల్‌సబీల్ అని పేరు.

ఫత్హీ ఈ పాత విద్యను పేద పిల్లల పాఠశాలకు తెచ్చారు. చలువరాయి కొనే శక్తి లేదు గనుక బొగ్గును ఎన్నుకొన్నారు. గుర్నా తరగతి గది మల్‌ఖఫ్‌లో వాలుగా లోహపు పళ్ళెం అమర్చి, దానిలో బొగ్గు నింపి, కొళాయితో తడిపే వీలు కల్పించారు. బొగ్గు ముక్క నిండా సన్నని రంధ్రాలే గనుక కొద్ది చోటులోనే నీటికి విశాలమైన ఉపరితలం దొరుకుతుంది. పైనుండి దిగిన గాలి ఆ తడి బొగ్గు మీదుగా సాగి గదిలో ప్రవేశించేది. ఉష్ణమానం 10 సెంటిగ్రేడు డిగ్రీల వరకు తగ్గింది. మోటారు లేదు, తీగ లేదు, నూనె లేదు. పల్లె మేస్త్రీ కట్టగలిగినది, పల్లె పిల్లవాడు నీళ్ళు పోసి నడపగలిగినది ఆ యంత్రం.

ఇంత చేసినా కొత్త గుర్నా గెలవలేదు. ఈ విషయాన్ని దాచి వ్రాస్తే ఆ మహనీయునికి న్యాయం చేసినవారము కాము. అధికారుల జాప్యం, నిధుల కొరత, 1947లో దేశాన్ని వణికించిన కలరా – ఇవి ఒక ఎత్తు. ఊరివారి విముఖత వేరొక ఎత్తు. సమాధుల పక్కనుండి కదిలితే వారి జీవనోపాధి పోతుంది. గుమ్మటమంటే వారి దృష్టిలో సమాధి మీద కట్టేది, సంసారం చేసే ఇంటి మీద కాదు. ఒక రాత్రి ఎవరో వరద కట్టను తెగగొట్టి కొత్త ఊరిని నీట ముంచ చూశారు. 1948లో పని నిలిచిపోయింది. ఊరిలో కొంత భాగమే పూర్తయి, కట్టిన ఇళ్ళు చాలాకాలం ఖాళీగా పడి ఉన్నాయి. ఎవరి కోసం ఆయన తపించారో వారే ఆయన కానుకను కాదన్నారు. తప్పు ఎవరిదని ఇప్పుడు తీర్పు చెప్పడం సులభం. పేదవానికి ఇల్లు ఇవ్వడంతో సరిపోదు, అతని బ్రతుకుతెరువును కూడా గమనించాలి. ఇంటింటినీ విచారించిన ఫత్హీ సైతం ఈ ఒక్క ముడిని విప్పలేకపోయారని మాకు తోస్తున్నది.

నిరాశతో ఆయన 1957లో స్వదేశం విడిచి ఏథెన్సు నగరంలో డొక్సియాడిస్ అనే ప్రసిద్ధ నగర నిర్మాత సంస్థలో కొన్ని సంవత్సరాలు పనిచేశారు. 1960ల ప్రారంభంలో తిరిగి వచ్చారు. 1964లో కైరోలోని భవన నిర్మాణ పరిశోధనా కేంద్రంలో వేర్వేరు వస్తువులతో నమూనా గదులు కట్టి పరీక్షించారు. అర మీటరు మందపు పచ్చి ఇటుక గోడలు, మట్టి కప్పు ఉన్న గదిలో ఇరవైనాలుగు గంటలలో ఉష్ణమానం 21 నుండి 23 డిగ్రీల మధ్యనే నిలిచింది. 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకలతో కట్టిన గదిలో అది 36 డిగ్రీలకు చేరింది. అనగా బయటి గాలి కన్న 9 డిగ్రీలు ఎక్కువ. నీడ కోసం లోనికి పోయినవాడు బయటికన్న ఎక్కువ వేడిని అనుభవించవలసి వచ్చిందన్నమాట. మన తరగతి గదుల సంగతి మా పాఠకులు స్వయంగా ఎరుగుదురు గనుక మేము వేరుగా చెప్పనక్కరలేదు.

తరువాత ఖార్గా ఎడారి ఒయాసిస్సులో న్యూ బారిస్ అనే గ్రామం నిర్మించడానికి పూనుకొన్నారు. కాయగూరలు చెడకుండా నిలువ చేయడానికి బజారు కింద నేలమాళిగలు, వాటికి గాలిని దింపే ఎత్తైన గూళ్ళు కట్టారు. 1967 యుద్ధంతో ఆ పని కూడా మధ్యలోనే ఆగిపోయింది. నేటికీ ఎడారిలో ఆ బజారు గూళ్ళు ఒంటరిగా నిలిచి ఉన్నాయి.

కట్టడంలో ఓడిన మనిషి పుస్తకంలో గెలిచారు. గుర్నా కథను ఆయన 1969లో కైరోలో ప్రచురించారు. 1973లో చికాగో విశ్వవిద్యాలయం దానినే పేదలకు వాస్తుకళ అన్న అర్థం వచ్చే పేరుతో వెలువరించగానే ప్రపంచం ఆయన వంక తిరిగి చూసింది. 1980 ఒక్క సంవత్సరంలోనే ఆగాఖాన్ వాస్తు పురస్కారపు అధ్యక్ష బహుమానం, స్వీడన్‌లో నెలకొల్పిన రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం, బాల్జాన్ బహుమానం ఆయనను వరించాయి. ఎనభై యేండ్ల వయస్సులో నూబియా మేస్త్రీలను వెంటబెట్టుకొని అమెరికాలోని న్యూ మెక్సికోకు వెళ్ళి, అక్కడి ముస్లింల కోసం మట్టి మసీదు నిర్మాణానికి దారి చూపారు. 1986లో వెలువడిన మరొక గ్రంథంలో ఎండ, గాలి, నీరు, మట్టి అనే నాలుగింటి లెక్కలను శాస్త్రీయంగా వివరించారు. కైరో కోట పాదాన, దర్బ్ అల్ లబ్బానా వీధిలోని పాత ఇంటిలో పిల్లులను పెంచుకొంటూ నిరాడంబరంగా జీవించి, 1989 నవంబరు 30న కన్నుమూశారు.

ఆయన విద్య మన నేలకు పనికివస్తుందా అన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. దీనికి సమాధానం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం, తడి గుడ్డ చుట్టిన ఉష్ణమాపకం సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. నీటి ఆవిరితో గాలిని చల్లబరచగల హద్దు అదే. కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ వంటి ప్రాంతాల పొడి వేసవికి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న సముద్రతీరంలో ఆ తడి ఉష్ణమాపకం 30 డిగ్రీల వద్దనే ఆగుతుంది. ఇంకా నీరు చల్లితే ఉక్కపోత పెరగడమే గాని ఫలముండదు. అందుచేత బందరుకూ, కాకినాడకూ గాలి ధారాళంగా ఆడటమే ముఖ్యం. మన పెద్దలకు ఈ తారతమ్యం తెలియనిది కాదు. రాయలసీమ మట్టిమిద్దెకు మందపు గోడలు, కప్పులో గవాక్షం. ఉన్నవారి ఇళ్ళలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లడం – ఇవన్నీ ఫత్హీ చెప్పిన పాఠానికి మన భాషలోని ప్రతులే. నేడు ఇంటింటా ఉన్న కూలరు కూడా ఆ తడకకు మోటారు తగిలించిన రూపమే. అయితే కూలరు పెట్టి తలుపులన్నీ మూసే పొరపాటు మనము నిత్యం చేస్తున్నాము. వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే గదిలో తేమ పేరుకొని చల్లదనం ఉక్కగా మారుతుంది. గాలిని లోనికి పిలిచే గూడు ఎంత అవసరమో, బయటికి సాగనంపే గోపురం కూడా అంతే అవసరమని కైరో సభాశాల ఆరువందల యేండ్లకు పైగా చెబుతూనే ఉన్నది.

ప్రపంచంలో వాడే విద్యుత్తులో సుమారు పదవ వంతు పంకాలకు, శీతల యంత్రాలకే ఖర్చవుతున్నదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో లెక్క తేల్చింది. శీతల యంత్రం గది లోపలి వేడిని వీధిలోనికి నెడుతుంది. దానిని కొనలేనివాడు ఆ వీధిలోనే నిలిచి ఉంటాడు. ఫత్హీ జీవితం ఈ అన్యాయాన్ని ముందుగానే కనిపెట్టి ఎదిరించిన జీవితం. అనంతర కాలంలో కొత్త గుర్నాలోని కొన్ని భవనాలను యునెస్కో సహాయంతో బాగుచేయడం జరిగింది. ఊరు కాదన్నదానిని లోకం కాపాడుకొంటున్నది.

మాతో చదివే మిత్రులలో కొందరు రేపు ఇంజనీర్లు, మేస్త్రీలు, గుత్తేదారులు కావచ్చు. మరికొందరు ఏదో ఒక విద్యాసంస్థ నిర్వాహక సంఘంలో కూర్చుండి కొత్త భవనపు పటం మీద సంతకం చేయవచ్చు. అప్పుడు ఒక్క నిమిషం కలమాపి, గాలి ఎటు నుండి వస్తుంది, ఎటు పోతుంది, పడమటి ఎండను ఏది ఆపుతుంది అని విచారించవలెనని మా మనవి. ఈ విచారణకు ఖర్చు లేదు. ఇది చేయకపోతే కలిగే ఖర్చును మాత్రం ఆ గదులలో కూర్చునే పిల్లలు ప్రతి వేసవిలోనూ చెల్లిస్తారు. హసన్ ఫత్హీ ఈ ప్రశ్నను కాళ్ళకు చెప్పులు లేని పిల్లల కోసం వేశారు. ఆ ప్రశ్నను మరువకుండుటే ఆయనకు మనము అర్పించగల నివాళి.